బీరువాలోని పెళ్లి సీడీ: వీసీడీ, డీవీడీ, బ్లూరేల కథ



బరంపురంలో గాని, ఛత్రపురంలో గాని, ఇటు ఇచ్ఛాపురంలో గాని మన తెలుగువాళ్ల ఇళ్లలో బీరువా తెరిస్తే పట్టుచీరల మధ్య నాలుగైదు సీడీలు కనిపిస్తాయి. ఒకదానిమీద 'అమ్మాయి పెళ్లి' అని, మరొకదానిమీద 'మనవడి అన్నప్రాశన' అని రాసి ఉంటుంది. చూడడానికి అన్నీ ఒకటే. 12 సెంటీమీటర్ల వెడల్పు, మధ్యన ఒక కన్నం. కాని వాటిలో కొన్ని వీసీడీలు, కొన్ని డీవీడీలు. వాటి మధ్య తేడా ఏమిటి? అవి ఎంతకాలం నిలుస్తాయి? ఈ విషయాలు ఈవేళ ముచ్చటించుకుందాం.

వీడియో డిస్కుల్లో పెద్దన్న లేజర్ డిస్కు. 1978లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 30 సెంటీమీటర్ల వెడల్పుతో పెద్ద గ్రామఫోను రికార్డంత ఉండేది. బొమ్మ బాగుండేది కాని ధర ఎక్కువ, పైగా ఇంట్లో రికార్డు చేసుకునే వీలు లేదు. అందుకే క్యాసెట్టు ముందు నిలవలేకపోయింది.

1993లో వీసీడీ వచ్చింది. పాటల సీడీ మీదనే వీడియోను కుదించి ఎక్కించారు. బొమ్మ ఇంచుమించు క్యాసెట్టు బొమ్మలాగే ఉండేది. కాని టేపు చిక్కుపడడం లేదు, వెనక్కి చుట్టే పని లేదు. చిక్కల్లా ఒక్కటే. ఒక డిస్కులో 74 నిమిషాలే పడుతుంది. మన సినిమాకు రెండు మూడు డిస్కులు కావాలి. కథ రసపట్టులో ఉండగా లేచి డిస్కు మార్చాల్సి వచ్చేది!

తరువాత డీవీడీ. 1995లో రెండు కూటాలు పోటీకి దిగాయి. ఒకవైపు సోనీ, ఫిలిప్స్. మరోవైపు తోషిబా, దాని మిత్రులు. క్యాసెట్టు రోజుల్లో బీటామాక్స్, వీహెచ్ఎస్‌ల తగవు ఎంత నష్టం తెచ్చిందో అందరికీ గుర్తుంది. కంప్యూటర్ కంపెనీలు కూడా పట్టుబట్టాయి. చివరికి రాజీ కుదిరి, 1996 నవంబరులో జపానులో ఒకే డీవీడీ బజారుకు వచ్చింది.

అదే వెడల్పు డిస్కులో దాదాపు ఏడు సీడీల సరుకు ఎలా పట్టింది? బరంపురం పట్టు నేసేవారికి ఇది ఇట్టే తెలుస్తుంది. బట్ట వెడల్పు మారకుండానే పోగు సన్నదైతే ఎక్కువ పోగులు పడతాయి కదా! డిస్కుమీద చుట్లు చుట్లుగా సన్నని గుంటల వరస ఉంటుంది. సీడీలో చుట్టుకూ చుట్టుకూ ఎడం 1.6 మైక్రాన్లు. డీవీడీలో 0.74. బ్లూరేలో 0.32 మాత్రమే. చుట్టు సన్నబడితే దాన్ని చదివే కాంతి కూడా సన్నబడాలి. అందుకే బ్లూరేకు నీలి ఊదా లేజరు వాడారు. ఆ లేజరు లేని డీవీడీ ప్లేయరులో బ్లూరే ఆడదు.

2006లో మళ్లీ తగవు వచ్చింది. తోషిబా వారి హెచ్‌డీ డీవీడీ ఒకవైపు, సోనీ తదితరుల బ్లూరే మరోవైపు. ఈసారి రాజీ కుదరలేదు. 2008 జనవరిలో వార్నర్ సినిమా సంస్థ బ్లూరే వైపు మొగ్గింది. ఫిబ్రవరిలో తోషిబా తప్పుకుంది. ఓడిన యంత్రం కొన్నవారికి దానిలో వేసుకునే కొత్త సినిమాలు కరువయ్యాయి.

మన దేశంలో మాత్రం గెలుపోటములు తేల్చింది ధర. 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టింది. బ్లూరే మన ఇళ్లలో చాలావాటికి రానేలేదు. అది వచ్చేలోగా సెల్‌ఫోను వచ్చింది. 2018లో ఆ మోజర్ బేర్ సంస్థే మూతపడే ఉత్తర్వు అందుకుంది.

ఇక అసలు సంగతి. సినిమా డిస్కు పోతే సినిమా మళ్లీ దొరకవచ్చు. పెళ్లి డిస్కు పోతే దొరకదు. కొట్లో కొన్న సినిమా డిస్కులో గుంటలు అచ్చుపోసి ఉంటాయి. స్టూడియోవారు రికార్డు చేసి ఇచ్చినదానిలో ఉండేది రంగు పూత. ఎండకు, వేడికి, చెమ్మకు అది వెలిసిపోతుంది. గోపాలపురం తీరపు ఉప్పుగాలి, ఉక్క దానికి మేలు చేయవు. సీడీకి మెరిసే పొర పేరు రాసే వైపున, పైపైనే ఉంటుంది. కాబట్టి గీత పడితే ఆ వైపే ఎక్కువ ప్రమాదం. బాల్‌పెన్నుతో గట్టిగా రాయకండి. తుడిచేటప్పుడు గుండ్రంగా కాక, మధ్యనుంచి అంచుకు తుడవండి. 2013 అక్టోబరులో వచ్చిన ఫైలిన్ వంటి తుపానుకు తడిస్తే మంచినీటితో కడిగి నీడన ఆరనివ్వండి.

అయితే ఈ జాగ్రత్తలతోనే పని తీరదు. డిస్కు బాగున్నా, ఆడించే యంత్రం దొరకాలి కదా! కొత్త కంప్యూటర్లలో చాలావాటికి డిస్కు పెట్టే అరే లేదు. కనుక ఇంట్లోనో, పొరుగింట్లోనో ప్లేయరు పనిచేస్తుండగానే ప్రతి డిస్కునూ ఒకసారి ఆడించి చూడండి. స్టూడియోలో రాసి ఇచ్చినవాటిని ముందుగా కాపీ చేయించండి. ఒక కాపీ ఇంట్లో, మరొకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. కాపీ అయ్యాక చివరిదాకా చూసి సరిచూసుకోండి. ఆ డిస్కులో నడిచే తాతగారు, నవ్వే అమ్మమ్మగారు ఈవేళ మన మధ్య లేకపోవచ్చు. వారి మాట, వారి నడక మునిమనవలకు అందాలంటే చేయవలసింది ఇంతే.