అంకెలలో ఒదిగిన నాదము

మనుష్యుని కంఠధ్వని గాలిలో తరంగములుగా సాగును. గాలి ఒత్తిడి ఎట్లు హెచ్చి తగ్గునో, మైక్రోఫోనులో విద్యుత్తును అట్లే హెచ్చి తగ్గును. ఇది ధ్వనికి నీడవంటిది. కాని ఈ నీడ దూరపు టెలిఫోను తీగపై పోవునపుడు దానిలో రొద చేరును. సన్నగిల్లిన ధ్వనిని దారిలో పెంచినకొలది రొదయు పెరుగును. ఏది మాటయో, ఏది రొదయో యంత్రమెరుగదు.

పారిస్‌లో పనిచేయుచున్న ఆంగ్ల ఇంజనీరు అలెక్ రీవ్స్ 1937లో దీనికొక ఉపాయము కనుగొనెను. ధ్వనిని పంపుటకు మారుగా దాని కొలతలను పంపిన చాలును. రోగి జ్వరమును గంటగంటకు కొలిచి, పట్టికలో చుక్కలు పెట్టి కలిపినచో జ్వరపు గతి తెలియును గదా! ధ్వని విషయమును ఇట్టిదే. టెలిఫోనుకై పుట్టిన ఈ పద్ధతియే పిదప సంగీతమునకును ఉపకరించినది.

అయితే ఎన్నిమారులు కొలువవలెను? ధ్వనిలోని అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపు కంటె ఎక్కువమారులు కొలిచినచో తరంగమును మరల నిర్మింపవచ్చునని గణితము చెప్పుచున్నది. మన చెవి వినగలిగినది సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకే. అందుచేత 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కునకు సెకనుకు 44,100 కొలతలు నిర్ణయించిరి. అంతకు సగము మించిన కంపనములను ముందే వడపోయవలెను. లేనిచో అవి లేని స్వరములై వినిపించును. ప్రతి కొలతను 65,536 మెట్లలో దగ్గరి మెట్టునకు సరిపెట్టి, సున్న, ఒకటి అను రెండే అంకెలతో 16 స్థానములలో వ్రాయుదురు.

రొద మితిమీరనంతవరకు సున్న సున్నగనే, ఒకటి ఒకటిగనే గుర్తింపబడును. కావున ఎన్ని ప్రతులు తీసినను నాదము చెడదు. కాని గీతలుపడిన గ్రామఫోను రికార్డును అంకెలకెక్కించినచో పాటతోపాటు గరగరయు అట్లే నిలుచును. అంకెలు కాపాడునది తమకందిన దానినే. తొలి కొలతలో చిక్కని స్వరమును అవి తిరిగి తేజాలవు.