ఆటలో శత్రువు ముఖం ఎవరిది?



వీడియో గేముల మాట వచ్చినప్పుడల్లా మన సంఘాలలో రెండు సంగతులే వినిపిస్తాయి. పిల్లల చదువు పాడవుతుందని ఒకటి, కొట్టుకోవడం, కాల్చుకోవడం నేర్చుకొంటారని రెండవది. రెండూ ఆలోచించదగినవే. అయితే మూడవ సంగతి ఒకటి ఉన్నది. దానిని గురించి పెద్దలు అడగడం అరుదు. ఆ ఆటలో వీరుడు ఎవరు? అతని చేతిలో దెబ్బలు తినేవారు ఎవరు? వీరుని రంగు ఏమిటి, శత్రువు రంగు ఏమిటి?

మన బిడ్డలు గంటల తరబడి చూస్తున్నది ఈ ముఖాలనే. ఏ జాతివారు మంచివారో, ఏ జాతివారు నవ్వుకోవడానికి పనికివస్తారో, ఏ జాతివారు గురిపెట్టి కొట్టడానికే ఉన్నారో, ఒక్క మాట చెప్పకుండానే ఆట నేర్పగలదు.

మనలను వారు చూపిన తీరు

మొదట మన సంగతే చూద్దాం. 1987లో జపాను దేశపు నింటెండో కంపెనీ ఇళ్లలో ఆడుకొనే తన యంత్రం కోసం ఒక బాక్సింగ్ ఆటను విడుదల చేసింది. అందులో బొంబాయి నుండి వచ్చిన ఒక బాక్సర్ ఉన్నాడు. పేరు గ్రేట్ టైగర్. తలపాగాలో ఒక మణి. గుద్దబోయే ముందు ఆ మణి తళుక్కుమంటుంది. అతడు గిర్రున తిరిగి మాయమై మరోచోట ప్రత్యక్షమవుతాడు. భారతీయుడు బాక్సర్ అయినా గారడీవాడు కాకుండా ఉండలేకపోయాడు!

1991లో క్యాప్‌కామ్ కంపెనీ తెచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 2' లోకమంతా వ్యాపించింది. మన పట్టణాలలోని వీడియో గేమ్ పార్లర్లలో కూడా కుర్రవాళ్లు రూపాయి బిళ్లలు పట్టుకొని దాని ముందు నిలబడిన కాలం చాలామందికి జ్ఞాపకమే. అందులో భారతీయుని పేరు ధాల్సిం. బోడి తల, ఎముకల గూడులాంటి శరీరం, మెడలో పుర్రెల దండ. చేతులు, కాళ్లు సాగుతాయి, నోట నిప్పు వస్తుంది. వెనుక ఏనుగులు వరుసగా నిలబడి ఉంటాయి. న్యాయంగా చెప్పాలంటే కథలో అతడు చెడ్డవాడు కాదు. తన పేద గ్రామానికి డబ్బు కోసం పోరాడే శాంతస్వభావి. అయినా కోట్ల మంది ఉన్న దేశానికి ఆ ఆటలో ఉన్నది ఆ ఒక్క ముఖమే. అదే ఆటలో బ్రెజిల్ దేశానికి ప్రతినిధి ఎవరో తెలుసా? అడవిలో పెరిగిన పచ్చని శరీరంగల మృగంలాంటి మనిషి.

ఇవి చూసి మనం నవ్వి ఊరుకోవచ్చు. మన చుట్టూ రోజూ నిజమైన భారతీయులు కనిపిస్తూనే ఉంటారు గనుక ఆ బొమ్మ మనకు హాని చేయదు. కాని భారతీయుని ఎన్నడూ చూడని ఒక పిల్లవానికి ఆ బొమ్మే భారతీయుడు. రేపు మన బంధువుల బిడ్డ ఏ అమెరికాలోనో అతని ప్రక్క బెంచీలో కూర్చున్నప్పుడు, ఆ పిల్లవాడు మొదట జ్ఞాపకం చేసుకొనేది దానినే.

ఇతరులకు జరిగినది ఇంకా కఠినం

1982లో అమెరికాలో అమ్మిన ఒక ఆటలో ఆ దేశపు మూలవాసులను, అనగా మన పాత పుస్తకాలలో రెడ్ ఇండియన్లు అని పిలిచినవారిని, వారిలోను ఒక స్త్రీని, ఇక్కడ వ్రాయడానికి వీలులేని విధంగా అవమానించారు. మూలవాసుల సంఘాలు, స్త్రీల సంఘాలు కలిసి దానిని నిరసించాయి.

2002లో వచ్చిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ' అనే ఆటలో హైతీ దేశస్థులు ఒక నేరస్థుల ముఠా. వారిని చంపమని చెప్పే మాట కూడ ఆ ఆటలో ఉన్నది. హైతీ అంటే బానిసలుగా ఉన్న నల్లజాతివారు తిరుగుబాటు చేసి 1804లో స్వతంత్రం సాధించుకొన్న దేశం. ఆ ప్రజలలో అత్యధికులు క్రైస్తవులు. అమెరికాలో స్థిరపడిన హైతీవారు 2003లో వీధులలోకి వచ్చి అడిగారు: మా బిడ్డలు ఆడే ఆటలో మమ్మల్ని చంపమంటారా? చివరకు ఆ మాటను తొలగించడానికి కంపెనీ ఒప్పుకొన్నది.

2009లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ 5' ఆఫ్రికాలోని ఒక కల్పిత పట్టణంలో జరుగుతుంది. తెల్లజాతి వీరుడు వ్యాధి సోకి ఉన్మాదులైన నల్లజాతి ప్రజల గుంపులను కాల్చుకొంటూ పోతాడు. 2007లో దాని ప్రచార చిత్రం కనిపించినప్పుడే విమర్శలు వచ్చాయి. ఆఫ్రికా స్త్రీ ఒకరు అతనికి తోడుగా ఆటలో ఉన్నదని, దానిలో జాతిద్వేషం లేదని సమర్థించినవారూ ఉన్నారు. అయితే ఆఫ్రికా అనగానే రోగం, మూక, భయం అన్న పాత చిత్రమే మళ్లీ తెరమీదికి వచ్చిందన్న మాట కొట్టివేయలేనిది.

చెడుగా చూపించడం ఒక తప్పయితే, అసలు చూపించకపోవడం మరొకటి. అమెరికాలో పరిశోధకులు 150 ఆటలలోని పాత్రలను లెక్కించి 2009లో ఫలితాలు ప్రకటించారు. తెల్లవారు, పురుషులు, వయోజనులు జనాభాలో ఉన్నదానికంటె ఎక్కువగా కనిపించారు. స్త్రీలు, స్పానిష్ మాట్లాడే వంశాలవారు, మూలవాసులు, పిల్లలు, వృద్ధులు తక్కువగా కనిపించారు.

ఎందుకిలా జరుగుతుంది?

ప్రతి కళాకారుడూ ద్వేషంతోనే గీస్తాడని అనుకోనవసరం లేదు. పాత యంత్రాలలో బొమ్మ గీయడానికి కొద్ది చుక్కలే దొరికేవి. చూడగానే ఇతడు ఫలానా దేశంవాడని తెలియాలి. తలపాగా పెడితే, ఈక గుచ్చితే, పుర్రె తగిలిస్తే పని తేలిక. తరువాత యంత్రాలు పెరిగాయి, నేడు కనురెప్పలోని వెంట్రుకను కూడా చూపగలరు. కాని అలవాటు మిగిలిపోయింది. బల్ల చుట్టూ కూర్చొని ఆటను తయారుచేసేవారిలో ఆ జాతివాడు ఒక్కడైనా లేకపోతే, "మేము ఇలా ఉండము" అని చెప్పేవాడు ఎవడు?

సినిమాకు, ఆటకు ఒక భేదమున్నది. సినిమాలో మనం చూస్తాము. ఆటలో మన చెయ్యి పనిచేస్తుంది. శత్రువును గుర్తించి రెప్పపాటులో కొట్టినవానికే మార్కులు. ముఖం చూచి తీర్పు తీర్చడమే అక్కడ నైపుణ్యం.

నొప్పి మనకు తెలియనిదా?

ఈ నొప్పి మనకు క్రొత్త కాదు. మన తెలుగు సినిమాలలో ఎన్నో ఏండ్లు స్మగ్లరు ప్రక్కన నిలబడే రౌడీకి రాబర్ట్ అనో, పీటర్ అనో పేరు పెట్టారు. మెడలో సిలువ, చేతిలో సీసా. ఆ సినిమా చూసి వచ్చిన మరునాడు బడిలో మన బిడ్డలు విన్న ఎగతాళి మనకు తెలియనిది కాదు. అంతకంటె లోతైన సంగతి, మన సంఘాలలో అనేకుల తాతముత్తాతలు ఊరికి దూరంగా ఉంచబడినవారు. మనిషిని చూడకముందే పేట పేరు విని వెల కట్టడమంటే ఏమిటో వారు అనుభవించారు.

2007లో ఇంగ్లండు సంఘంవారు సోనీ కంపెనీపై ఫిర్యాదు చేశారు. 'రెసిస్టెన్స్' అనే ఆటలో మాంచెస్టర్ కథీడ్రల్ లోపలి భాగాన్ని అనుమతి లేకుండా చూపించి తుపాకుల పోరాటానికి రంగస్థలం చేశారు. కంపెనీ క్షమాపణ చెప్పింది. అప్పుడు క్రైస్తవులమైన మన మనసు గాయపడింది. మరి 2008లో అదే కంపెనీవారి మరో ఆటలోని పాటలో ఖురాను మాటలున్నాయని ముస్లిములు బాధపడినప్పుడు, 2009లో హైదరాబాదులో తయారైన హనుమంతుని ఆటపై కొందరు హిందువులు అభ్యంతరం చెప్పినప్పుడు, మనం వారిని తేలికగా చూడవచ్చునా? ఇతరులు మనకు ఏమి చేయాలని కోరుతామో అదే వారికి చేయమన్నారు మన ప్రభువు.

ప్రభువు కథలో వీరుని మార్చారు

లూకా సువార్త 9వ అధ్యాయం చూడండి. సమరయుల గ్రామం ఒకటి ప్రభువును చేర్చుకొనలేదు. యాకోబు, యోహానులు వెంటనే ఆకాశమునుండి అగ్ని దింపి ఆ ఊరిని నాశనం చేద్దామా అని అడిగారు. వారికి ఆ ఊరిలో మనుషులు కనిపించలేదు, సమరయులు మాత్రమే కనిపించారు. ప్రభువు వారిని గద్దించారు. ఆ తరువాతి అధ్యాయంలోనే ఆయన ఒక కథ చెప్పారు. అందులో గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయినవారు యాజకుడు, లేవీయుడు. గాయములు కట్టి, పూటకూళ్లవానికి డబ్బిచ్చి ఆదుకొన్నవాడు సమరయుడు. నిన్నటి దినాన శిష్యులు కాల్చివేయాలనుకొన్న జాతివాడే నేడు కథలో వీరుడు!

పరిశుద్ధ గ్రంథమంతటా ఇదే వరుస. బురద గోతిలో నుండి యిర్మీయాను పైకి తీసినవాడు కూషీయుడైన ఎబెద్మెలెకు. ప్రభువు సిలువను మోసినవాడు ఆఫ్రికా ఖండంలోని కురేనేవాడైన సీమోను. నజరేతునుండి మంచిది ఏదైనా వస్తుందా అని సందేహించిన నతనయేలుకు ఫిలిప్పు వాదము చెప్పలేదు, వచ్చి చూడమన్నాడు. ముఖంమీద వేసిన ముద్రకు మందు ఇదే: దగ్గరకు వెళ్లి చూడటం.

మంచి మార్పు కూడా ఉన్నది

టీవీకి తగిలించి, క్యాసెట్లు మార్చుకొంటూ ఆడే పద్ధతికి 1976లో దారి తీసిన ఇంజనీర్ల బృందానికి నాయకుడు జెర్రీ లాసన్ అనే నల్లజాతి అమెరికన్. 2011లో ఆయన చనిపోయే వరకు ఎంతోమంది ఆటగాళ్లకు ఆ పేరే తెలియదు. 2014లో అలాస్కాలోని మూలవాసుల సంస్థ ఒకటి తమ పెద్దలను, కథలు చెప్పేవారిని కూర్చోబెట్టి 'నెవర్ అలోన్' అనే ఆటను తయారు చేయించింది. 2023లో వచ్చిన 'వెంబా' అనే ఆటలో కెనడాకు వలస వెళ్లిన ఒక తమిళ తల్లి ఉన్నది. ఆమె గారడీ చేయదు, నిప్పు ఊదదు. ఇడ్లీ వండుతుంది, దూరమవుతున్న కొడుకు కోసం బాధపడుతుంది. మన ఇంటి తల్లిని అక్కడ గుర్తుపట్టవచ్చు.

హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014 నుండి నడిపిస్తున్న మైక్రోసాఫ్ట్, ప్రపంచంలోని పెద్ద గేముల కంపెనీలలో ఒకటి. హైదరాబాదులో ఆటలు తయారుచేసే స్టూడియోలు ఉన్నాయి. బొమ్మలు బాగా వేసే మన సంఘపు యువతీయువకులు రేపు ఆ బల్ల దగ్గర కూర్చోవచ్చు. అక్కడ ఏ జాతినైనా కించపరిచే బొమ్మ వచ్చినప్పుడు "ఇది సరికాదు" అని చెప్పడం కూడా సాక్ష్యమే.

ఇంటిలో ఏమి చేయగలము?

1. వారానికి ఒకసారైనా బిడ్డ ప్రక్కన కూర్చొని ఆటను చూడండి. తిట్టడానికి కాదు, తెలుసుకొనడానికి.

2. "వీరుడు ఎవరు? దొంగలు ఎవరు? వారికి పేర్లున్నాయా? ఆ దేశంలో మంచివారు ఎవరైనా కనిపించారా?" అని అడగండి. జవాబు బిడ్డనే చెప్పనివ్వండి.

3. ఆటమీద ముద్రించే వయస్సు గుర్తు ఒక్కటే చాలదు. ఐరోపాలో జాతి, మతముల పట్ల ద్వేషం పుట్టించే ఆటలకు ప్రత్యేకమైన గుర్తు ఉన్నది. అయితే ద్వేషం వరకు పోకుండా ఎగతాళి దగ్గర ఆగిన బొమ్మలకు ఏ గుర్తూ ఉండదు. ఆ పని తల్లిదండ్రులదే.

4. ఇంటర్నెట్‌లో ఇతరులతో కలిసి ఆడేటప్పుడు ఎవరినైనా రంగునుబట్టి, దేశమునుబట్టి, కులమునుబట్టి తిట్టడం మన ఇంట ఉండకూడదని చెప్పండి. తెర చాటున అన్న మాటను కూడా దేవుడు వింటాడు.

5. అన్నిటికంటె ముఖ్యంగా, మన ఇంటి మాటలను సరిచూసుకొందాం. ఆఫ్రికానుండి మన నగరాలకు చదువుకొన వచ్చిన విద్యార్థిని మనం ఏ పేరుతో పిలుస్తున్నాము? ఈశాన్య రాష్ట్రాలనుండి వచ్చిన అమ్మాయిని చూచి ఏమంటున్నాము? బిడ్డ చేతిలోని ఆటను తీసివేయడం సులభం. మన నోట ఉన్న ముద్రను తీసివేయడమే కష్టం. వారిలో ఒకరిని ఈ ఆదివారం ఆరాధన తరువాత భోజనానికి పిలవండి. ఆ బల్ల దగ్గర మీ బిడ్డ నేర్చుకొనేది ఏ తెరమీదా దొరకదు.

దేవుడు ప్రతి మనిషిని తన స్వరూపమందు చేశాడని మనం నమ్ముతున్నాము. ఆ స్వరూపాన్ని ప్రతి ముఖంలోను గుర్తించే కన్నులను ప్రభువు మన బిడ్డలకు, ముందుగా మనకు అనుగ్రహించును గాక.

ఆమేన్.