ఒకే పేజీ వెబ్‌సైటు

ఒకే పేజీ వెబ్‌సైటు అనగా సమాచారమంతా ఒకే వెబ్ పేజీలో పొందుపరచిన వెబ్‌సైటు. ఇందులో "మా గురించి", "సేవలు", "ధరలు", "చిరునామా" వంటి విభాగాలు వేర్వేరు పేజీలుగా కాక, ఒకదాని కింద ఒకటి వరుసగా ఉంటాయి. పై పట్టీలోని లంకెను నొక్కినపుడు కొత్త పేజీ తెరుచుకోదు. అదే పేజీలో సంబంధిత విభాగం కనిపిస్తుంది. ఖర్చు, నిర్వహణ భారం తక్కువ కావడం వలన చిన్న వ్యాపారులు ఈ పద్ధతి వైపు మొగ్గు చూపుతారు. అయితే ఇది అన్ని వ్యాపారాలకూ తగినది కాదు. వ్యాపారం ఎంత చిన్నది అన్నదానికంటే, వినియోగదారులు ఎన్ని రకాల ప్రశ్నలతో వస్తారన్నదే ఈ నిర్ణయంలో ముఖ్యమైనది.

నేపథ్యం

టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనా సంస్థలో రూపొందించిన వరల్డ్ వైడ్ వెబ్ 1991లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఒక పేజీలోని ఫలానా భాగానికి లంకె ఇచ్చే సౌకర్యం హెచ్.టి.ఎమ్.ఎల్. భాషలో తొలినాళ్ళ నుండి ఉంది. స్మార్ట్‌ఫోన్లు వ్యాపించిన తరువాత వేలితో పేజీని పైకి జరుపుతూ చదవడం అలవాటైంది. దానితో పొడవైన ఒకే పేజీ నమూనాకు ఆదరణ పెరిగింది.

దీనిని "సింగిల్ పేజ్ అప్లికేషన్"గా పొరబడరాదు. 2004లో మొదలైన జీమెయిల్ వంటి ఆ తరహా అప్లికేషన్లు పేజీ మొత్తాన్ని తిరిగి లోడు చేయకుండా, జావాస్క్రిప్టు సహాయంతో అందులోని విషయాన్ని మారుస్తూ ఉంటాయి. ఒకే పేజీ వెబ్‌సైటులో విషయమంతా మొదటి నుండి ఆ పేజీలోనే ఉంటుంది.

పనిచేసే విధానం

పేజీలోని ప్రతి విభాగానికి ఒక గుర్తింపు పేరు ఇస్తారు. లంకెలో వెబ్ చిరునామా చివర హ్యాష్ గుర్తు, దాని తరువాత ఆ గుర్తింపు పేరు ఉంటాయి. హ్యాష్ గుర్తు తరువాతి భాగాన్ని బ్రౌజరు తనవద్దనే ఉంచుకుంటుంది, సర్వరుకు పంపదు. దీనివలన రెండు ఫలితాలు కలుగుతాయి.

మొదటిది, గూగుల్ వంటి సెర్చ్ ఇంజన్లు సాధారణంగా ఈ విభాగాలను వేర్వేరు పేజీలుగా లెక్కించవు. వెబ్‌సైటు మొత్తానికి ఒకే శీర్షిక, ఒకే వివరణ ఉంటాయి. రెండవది, సందర్శకులు ఏ విభాగాన్ని చూశారో సర్వరు లెక్కలలో తెలియదు. అది తెలియాలంటే పేజీలో ప్రత్యేకమైన ఏర్పాటు చేసుకోవాలి.

ప్రయోజనాలు

* తయారీ సులభం. ధర, ఫోను నంబరు వంటివి మారినపుడు ఒక్కచోట సవరిస్తే సరిపోతుంది.
* ఫోనులో చదవడానికి అనువుగా ఉంటుంది. పేజీలు మారుతూ వెతుక్కోవలసిన అవసరం ఉండదు.
* విషయాన్ని అనుకున్న క్రమంలో చెప్పవచ్చు. ఏమి అమ్ముతారు, ఎంతకు అమ్ముతారు, ఎక్కడ దొరుకుతుంది, ఎలా సంప్రదించాలి అన్నవి వరుసగా వస్తాయి.
* విజిటింగ్ కార్డు మీద, దుకాణం బోర్డు మీద వేయడానికి ఒకే చిరునామా చాలు.

పరిమితులు

ఒకే శీర్షిక ఉన్న పేజీ అనేక విషయాలకు సెర్చ్ ఫలితాలలో ముందుకు రావడం కష్టం. ఉదాహరణకు ఒక దర్జీ పెళ్ళి బ్లౌజులు, స్కూలు యూనిఫారాలు, ఫాల్స్ కుట్టడం, కుట్టు శిక్షణ అన్నీ ఒకే పేజీలో పెడితే, వీటిలో ఒక్కదాని కోసమే వెతికే వ్యక్తికి ఆ పేజీ సరైన సమాధానంగా కనిపించకపోవచ్చు. నాలుగింటికీ విడి పేజీలు ఉంటే ఒక్కొక్కటి తన ప్రశ్నకు తాను జవాబు చెబుతుంది.

ఫొటోలు ఎక్కువైతే పేజీ బరువు పెరిగి, నెట్ వేగం తక్కువగా ఉన్నచోట ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఫొటోల పరిమాణం తగ్గించడం ద్వారానూ, తెర మీదికి వచ్చేటప్పుడు మాత్రమే అవి లోడు అయ్యేటట్లు చేయడం ద్వారానూ దీనిని కొంతవరకు సరిచేయవచ్చు.

ఆన్‌లైనులో సరుకులు అమ్మేవారికి మరికొన్ని బాధ్యతలు కలవు. భారతదేశంలో 2020లో వెలువడిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా, సరుకు వాపసు, డబ్బు తిరిగి చెల్లింపు వంటి వివరాలు వినియోగదారుకు తెలియజేయాలి. ఆన్‌లైను చెల్లింపుల సేవలందించే సంస్థలు కూడా సాధారణంగా ఈ నిబంధనలను వెబ్‌సైటులో చూపమని కోరతాయి. ఇవన్నీ ఒకే పేజీలో ఇమిడ్చితే అసలు విషయం మరుగున పడుతుంది.

నిర్ణయించే విధానం

కొద్దివారాల పాటు వినియోగదారులు ఫోనులోనూ, దుకాణంలోనూ అడిగే ప్రశ్నలను రాసిపెట్టుకోవడం మంచి పద్ధతి. ఒకే వ్యక్తి ఆ ప్రశ్నలన్నీ అడిగే పక్షంలో ఒకే పేజీ సరిపోతుంది. వేర్వేరు వ్యక్తులు వేర్వేరు ప్రశ్నలతో వస్తుంటే విడి పేజీలు అవసరం.

ఒక ట్యూషన్ కేంద్రానికి వచ్చే తల్లిదండ్రులు ఏయే తరగతులు, ఏ సమయం, ఫీజు ఎంత, ఎక్కడ అని అడుగుతారు. ఈ నాలుగూ ఒకరికే కావలసినవి. ఇటువంటి కేంద్రానికి ఒకే పేజీ చాలు. ఇంటి వద్ద పచ్చళ్ళు తయారుచేసి అమ్మేవారి సంగతి వేరు. ఊళ్ళోని వారు ఆవకాయ కిలో ఎంత అని అడుగుతారు. అమెరికాలో ఉన్నవారు పార్సిలు ఖర్చు, ప్యాకింగు గురించి అడుగుతారు. పెళ్ళివారు పెద్దమొత్తంలో ఆర్డరు ఇవ్వవచ్చా అని అడుగుతారు. రాబడిలో పచ్చళ్ళ వ్యాపారం ట్యూషన్ కేంద్రం కంటే చిన్నదే అయినా దానికి ఎక్కువ పేజీలు కావాలి.

పేజీలు ఎన్ని ఉన్నా తెలుగులో ఇచ్చే వివరాలను బొమ్మగా కాక యూనికోడ్ పాఠంగా రాయాలి. బొమ్మలోని ఫోను నంబరును నేరుగా నొక్కి కాల్ చేయడానికి వీలుండదు. అక్షరాలు సెర్చ్ ఇంజన్లకు సరిగా అందకపోవచ్చు.

డొమైను పేరు

పేజీల సంఖ్య కంటే ముందుగా ఆలోచించవలసినది చిరునామా ఎవరి ఆధీనంలో ఉందన్నది. 2017లో గూగుల్ సంస్థ చిన్న వ్యాపారుల కొరకు ఉచితంగా ఒకే పేజీ వెబ్‌సైటు తయారుచేసుకొనే సౌకర్యం ప్రవేశపెట్టింది. వ్యాపార ప్రొఫైలులోని వివరాలతో పేజీ దానంతట అదే తయారయ్యేది. 2024 మార్చిలో ఆ వెబ్‌సైట్లను నిలిపివేసి, సందర్శకులను 2024 జూన్ 10 వరకు మాత్రమే వ్యాపార ప్రొఫైలుకు మళ్ళించింది. ఆ ఉచిత చిరునామాను బోర్డుల మీద, కార్డుల మీద వేయించుకున్నవారికి అది పనికిరాకుండా పోయింది. సొంత డొమైను పేరు కొన్నవారు అదే చిరునామాలో మరొక వెబ్‌సైటు పెట్టుకోగలరు.

విస్తరణ

సొంత డొమైనులో ఒక పేజీతో మొదలుపెట్టి, ప్రశ్నలు పెరిగినకొద్దీ పేజీలు చేర్చుకోవచ్చు. అయితే హ్యాష్ గుర్తుతో ఉన్న పాత విభాగ లంకెలను సర్వరు ద్వారా కొత్త పేజీలకు మళ్ళించడం సాధ్యం కాదు, ఎందుకంటే ఆ భాగం సర్వరుకు చేరదు. అవి మొదటి పేజీ వద్దకే వస్తాయి. కనుక ఒక విభాగాన్ని విడి పేజీగా మార్చినపుడు, మొదటి పేజీలో పాత గుర్తింపు పేరు ఉన్నచోటనే క్లుప్త వివరణను, కొత్త పేజీకి లంకెను ఉంచడం అవసరం.