మగ్గం చుట్టూ కట్టుకున్న పేట

మహారాష్ట్రలోని సోలాపూర్ నగరంలో తూర్పు దిక్కుకు నడిచేకొద్దీ మరాఠీ పలచబడి తెలుగు చెవిన పడుతుంది. ఊరివాళ్లు ఈ దిక్కును 'పూర్వ భాగ్' అంటారు. దాజీ పేట్, భద్రావతి పేట్, సాఖర్ పేట్ అన్నీ ఇక్కడివే. గుమ్మాల మీద కూచన్, చాట్ల, బొల్లి, సాదుల్, పుల్గం అంటూ కనిపించే ఇంటిపేర్లు మన తెలంగాణ పల్లెల నుంచి నడిచొచ్చినవి. బోర్డు మీద అక్షరం దేవనాగరి, అరుగు మీద కబుర్లు తెలుగు. ఇన్ని తరాలు పరాయి రాష్ట్రంలో ఉండి కూడా ఇంట్లో మాట పోగొట్టుకోని జనాన్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పద్మశాలీలు వీళ్ల పూర్వీకులు. మిల్లుబట్ట ముందు చేతిమగ్గం నిలవలేక, 1876-78 నాటి మహాకరువును తట్టుకోలేక, నిజాం రాజ్యం దాటి బొంబాయి ఇలాకాలోకి విడతలు విడతలుగా వచ్చారు. సోలాపూర్‌కు 1860లోనే రైలు వచ్చేసింది. 1877లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మొదలైంది. మగ్గాన్ని మింగేస్తుందనుకున్న మిల్లే ఇక్కడి మగ్గానికి నూలు అందించింది. దక్కన్ రైతుకుటుంబాల ఆడవాళ్లు కట్టే రంగుల అంచు చీరలు కొన్నికొన్నిగా, రకరకాలుగా నేయాల్సి వచ్చేవి. ఆ పని పెద్ద మిల్లుకు గిట్టదు, ఇంటి మగ్గానికి గిడుతుంది. వలసవచ్చిన నేతగాడు ఆ సందులోనే బతుకు వెతుక్కున్నాడు.

తొలితరం కాపురం మగ్గం చుట్టూనే సాగేది. వెలుతురు పడే ముందుభాగం మగ్గానిది, వెనక మిగిలిన జాగా పొయ్యికి, పిల్లలకు. మగాడు నేస్తే, ఆడవాళ్లు రాట్నం తిప్పి కండెలు చుట్టి, పడుగుకు గంజి పట్టించేవాళ్లు. పిల్లలు తెగిన పోగులు అతికించడంతో పని నేర్చుకునేవాళ్లు. సొంత మగ్గం లేనివాళ్లు సావుకారు కార్ఖానాలో చేరి, అక్కడే పని, అక్కడే పడక. ముందే తీసుకున్న బాకీ తీరేదాకా ఆ కార్ఖానా వదలడానికి వీలుండేది కాదు. డగ్లస్ హేన్స్ అనే చరిత్రకారుడు పశ్చిమ భారతంలోని చిన్నపట్టణాల నేతగాళ్ల మీద 2012లో అచ్చువేసిన పుస్తకంలో సోలాపూర్ సాలెవాళ్ల ఈ బతుకునంతా తవ్వితీశాడు. చదువుతుంటే కార్ఖానా యజమాని కూడా తెలుగువాడే కదా అన్న సంగతి మనసులో గుచ్చుకుంటుంది. ఒకే కులంలో ఒకడు సేఠ్, ఒకడు కూలీ.

1949లో ఆ సోలాపూర్ స్పిన్నింగ్ మిల్లు మూతపడింది. ప్రభుత్వం దాన్ని చేతుల్లోకి తీసుకోవడం, ఆ వివాదం సుప్రీంకోర్టుకెక్కడం న్యాయశాస్త్ర విద్యార్థులకు ఇప్పటికీ పాఠం. పేటలో మాత్రం చప్పుడు ఆగలేదు. స్వాతంత్ర్యం తర్వాత చేతిమగ్గం స్థానంలో మరమగ్గాలు పెరిగాయి, చీర స్థానంలో చద్దర్, టవల్ వచ్చాయి. భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న తొలినాటి ఉత్పత్తుల్లో ఈ రెండూ ఉన్నాయి.

ఆ చద్దర్‌ను ఒక్కసారి దగ్గరగా చూడాలి. మగ్గం నెత్తిన జకార్డ్ పెట్టె, దానికి దండలా వేలాడే చిల్లుల అట్టలు. అట్టలో చిల్లు ఉన్నచోట కొక్కెం పైకి లేచి పడుగుపోగును ఎత్తుతుంది, లేనిచోట పోగు కిందే ఉంటుంది. ఒక్క పేకపోగు పడగానే అట్ట మారుతుంది. నెమలి బొమ్మ నేయాలంటే తోక కొస నుంచి తురాయి దాకా వరసకో అట్ట కావాలి. రెండు పొరలు కలిసి నేతపడటం వల్ల పైన తెల్ల నేల మీద ఎర్ర నెమలి ఉంటే, తిరగేస్తే ఎర్ర నేల మీద తెల్ల నెమలి! ఈ వింతంతా నూలుపోగుల మీద, ఆ చిల్లుల మీద నడుస్తోంది.

చద్దర్ పేరు మోగింది గానీ, సంసారాలను నిలబెట్టింది ఆడవాళ్లు అరుగు మీద చుట్టిన బీడీ అని నా అభిప్రాయం. చాట ఒళ్లో పెట్టుకుని, రేకు ముక్క కొలతతో తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కట్టి, మూతి మడవడం. కూలి లెక్క వెయ్యి బీడీలకు ఇంత. ఈ కార్మికులను కూడగట్టిన నాయకుడు, మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడంను ఊరంతా 'ఆడం మాస్టర్' అంటుంది. ఆయన నడిపిన పోరాటం వల్లే కుంభారి గ్రామం దగ్గర కమ్యూనిస్టు నాయకురాలు గోదావరి పరులేకర్ పేరిట బీడీ కార్మికులకు పదివేల ఇళ్లు లేచాయి. ఆ పక్కనే రేనగర్‌లో 15,000 ఇళ్లను 2024 జనవరిలో ప్రధాని లబ్ధిదారులకు అప్పగించారు.

మరమగ్గాలు చాలావరకు అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడకు తరలాయి. పేటలో గుడి, బడి, బతుకమ్మ మిగిలాయి. దాజీ పేట్‌లో వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. పద్మశాలీ సంస్థలు నడిపే కూచన్ ప్రశాల, బుర్లా మహిళా కళాశాల, మార్కండేయ సహకార ఆసుపత్రి ఊరందరికీ పనికొస్తున్నాయి. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయ రథం కదిలితే పూర్వ భాగ్ అంతా వీధుల్లోనే.

సోలాపూర్‌కు హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా 65వ జాతీయ రహదారిపై దాదాపు మూడు వందల కిలోమీటర్లు. ముంబై వెళ్లే రైళ్లు చాలావరకు సోలాపూర్‌లో ఆగుతాయి. రథోత్సవం చూడాలంటే శ్రావణ పౌర్ణమికి వెళ్లండి. చద్దర్ కొనేముందు తిరగేసి, రంగులు తారుమారయ్యాయో లేదో చూసుకోండి.

మగ్గం, రాట్నం, వెనక వంటగది ఉన్న ఒక్క పాత ఇంటినైనా ఉన్నదున్నట్టు నిలిపి, కండెలు చుట్టిన అవ్వల జ్ఞాపకాలను వాళ్ల గొంతుల్లోనే రికార్డు చేసే పని పద్మశాలీ సంస్థలు చేపట్టాలి. ఆ అవ్వలు ఉండగానే చేపట్టాలి.