జాజ్ సంగీతము: కూర్చుకొనదగిన కొన్ని ప్లేట్లు

ఈ పూట నేను ప్రసంగింప బూనినది జాజ్ అను అమెరికా సంగీతమును గూర్చి. "అదియేమి సంగీతము, గోల గాని!" యని మీలో కొందరు అనుకొనవచ్చును. నేనును మొదట అట్లే అనుకొంటిని. మిత్రుడొకడు ఇచ్చిన ప్లేటును ఒకమాఱు విని, తలనొప్పి వచ్చినదని బీరువాలో పడవైచితిని. కొన్ని నెలలు గడచిన పిమ్మట, ముసురు పట్టిన ఒకనాడు పనిలేక దానిని మరల వింటిని. అప్పుడు మా యూరి దేవాలయపు సన్నాయిగాడు రాగము సాగదీయుట జ్ఞాపకము వచ్చెను. నాటినుండి ఈ ప్లేట్లు కూర్చుచున్నాను.

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున, మిసిసిపీ నదీతీరమున న్యూ ఆర్లియన్సు అను రేవుపట్టణము కలదు. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారు అచ్చట ఆదివారములందు కాంగో స్క్వేరు అను మైదానమున గుమిగూడి తమ డోళ్లు వాయించి ఆడెడివారు. 1865లో బానిసత్వము రద్దయ్యెను. పిమ్మటి తరములవారు బాకాలను, క్లారినెట్టును చేతబట్టి వీధిమేళములు కట్టిరి. శవమును సాగనంపునప్పుడు మందగతిని భక్తిగీతమును, పూడ్చి మరలునప్పుడు కాళ్లు నిలువనీయని చురుకైన వరుసను వాయించుట వారి ఆచారము. శవము ముందు డప్పు మ్రోగుట నెఱిగిన మనకు ఇది వింత గాదు.

జాజ్ యొక్క ప్రాణము మన విద్వాంసులు మనోధర్మమని చెప్పునదియే. పాట వరుస పల్లవివలె ముందు వినబడును. పిదప ఒక్కొక్క వాద్యగాడు తన వంతున, తాళము తప్పక, అప్పటికప్పుడు క్రొత్త స్వరములు కల్పించును. భేదమొకటి కలదు. మనకు శ్రుతి కదలక నిలిచియుండును. వారికి పియానో మొదలగునవి పలికించు స్వరసముదాయములు క్రింద మారుచుండును. కల్పన ఆ మార్పుల ననుసరించి నడువవలెను. ఇది తెలియక వినువానికి గోలగానే తోచును. నాకట్లే తోచినది.

అప్పటికప్పుడు పుట్టినది అప్పుడే నశించును. న్యూ ఆర్లియన్సులో బడ్డీ బోల్డెను అను కొమ్ముగాడు ఉండెను. ఈ సంగీతమునకు ఆద్యులలో నొకడని పెద్దలు చెప్పుదురు. 1907లో ఆయన మతి చెడి ఆసుపత్రి పాలయ్యెను. 1931లో అచ్చటనే మరణించెను. ఆయన వాదనము నేడు వినుటకు ఒక్క ప్లేటైనను లేదు. 1917లో మొట్టమొదటి జాజ్ ప్లేటు నిచ్చినవారు తెల్లజాతివారైన అయిదుగురు. సృష్టించిన వారొకరు, ముందుగా అచ్చయినవారు వేఱొకరు! కావుననే ప్లేటు విలువ నాకు ఇంతగా తోచును.

కాలక్రమమున మొదట కొనదగినవి లూయీ ఆర్మ్‌స్ట్రాంగు 1925 మొదలు 1928 వఱకు ఇచ్చినవి. ఆయన 1901లో కడు పేదయింట పుట్టెను. బాల్యమున ఒక సంవత్సరాది రాత్రి పిస్తోలు పేల్చిన నేరమునకు బాలుర శిక్షాలయమునకు పంపబడి, అచ్చటి మేళములో కొమ్ము నేర్చెను. 1922లో గురుతుల్యుడగు కింగ్ ఆలివరు పిలువగా చికాగో చేరెను. 1928 జూన్ 28న ముద్రింపబడిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' మూడు నిమిషములకు కొంచెము మించును. ఆరంభమున తోడు లేక బాకా ఒక్కటే పైకెగసి క్రిందికి దిగివచ్చును. చివర ఒకే స్వరమును ఊపిరి ఉగ్గబట్టి నిలుపును. వినుచున్న నాకే ఊపిరాడదు.

బిల్లీ హాలిడే అను గాయని 1939లో పాడిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' వినోదమునకు గాదు. నల్లవారిని మూకలు చంపి చెట్లకు వ్రేలాడదీసిన ఘోరములను గూర్చిన పాట అది. ఆమె ప్లేట్లు అచ్చువేయు పెద్ద కంపెనీ దానికి ఒప్పుకొనక పోగా, కమొడోరు అను చిన్న సంస్థ దానిని వెలువరించెను. దీనిని పెండ్లియింట పెట్టరాదు; కాని ఇంట ఉండవలెను.

1948లో దీర్ఘకాలము మ్రోగు ప్లేటు వచ్చెను. ప్రక్కకు ఇరువది నిమిషములు పట్టుటచే కల్పనకు చోటు దొరకెను. ఆ జాతిలో మన చెవికి అన్నిటికంటె సులభముగా అందునది మైల్స్ డేవిస్ 1959లో ఇచ్చిన 'కైండ్ ఆఫ్ బ్లూ'. ఇందు క్రింది స్వరసముదాయములు తఱచుగా మారవు. ఒక స్వరక్రమమునే పట్టుకొని వాద్యగాండ్రు విస్తరింతురు. రాగాలాపనకు ఇంత చేరువగా వచ్చిన ప్లేటు నేను వేఱొకటి వినలేదు. క్రొత్తవారు దీనితోనే ఆరంభింపుడు. ముద్రణయంత్రపు లోపముచేత మొదటి ప్రక్క చాలకాలము కొంచెము హెచ్చు శ్రుతిలో మ్రోగెను; 1992లో సరిదిద్దిరి. పాత ప్రతి కొనువారు దీనిని గమనింపవలెను. అందు సాక్సోఫోను వాయించిన జాన్ కోల్ట్రేను 1964లో ముద్రించిన 'ఎ లవ్ సుప్రీమ్' దైవమునకు సమర్పించిన నాలుగు భాగముల కృతి. ఆయన తన కుమారునకు పండిత రవిశంకరుని పేరే పెట్టుకొనెను.

మన దేశముతో సంబంధము అంతటితో తీరలేదు. టెడ్డీ వెదర్‌ఫర్డు అను నల్లజాతి పియానో విద్వాంసుడు బొంబాయిలోను, కలకత్తాలోను మేళము నడిపి, 1945లో కలకత్తాలోనే కలరా సోకి మరణించెను. డ్యూక్ ఎల్లింగ్‌టను 1963లో తన మేళముతో భారతదేశమునకు వచ్చెను. ఆ యాత్ర ఫలముగా 1967లో 'ఫార్ ఈస్ట్ సూట్' వెలువడెను. అందొక భాగము పేరు ఆగ్రా. మఱియొక భాగమున ఢిల్లీలో వినిన గోరువంక కూతను క్లారినెట్టు పలికించును. మా మనుమరాలు ఆ ఒక్క భాగమునకై ఆ ప్లేటును అరుగగొట్టినది.

నేడివన్నియు చేతిలోని ఫోనులోనే వినవచ్చును. కొనకముందు అట్లు విని చూచుట మంచిది. కొనినచో ప్లేట్లను నిలువుగా ఉంచుడు, ఒకదానిపై నొకటి పేర్చకుడు. పాత లక్క ప్లేట్లకు వాడు ఇనుపముల్లును దీర్ఘకాలపు ప్లేట్లపై పెట్టరాదు, గాళ్లు చెడును. ఎండ తగులనీయకుడు. నా మొదటి ప్లేటు, మిత్రుడిచ్చినది, కిటికీ ప్రక్కన ఒక్క మధ్యాహ్నము మఱచుటచే అప్పడమువలె వంగిపోయినది.