సారెతో వచ్చిన పెట్టె... పారేయకండి!

పాత ఇల్లు అమ్మినా, పంపకాలైనా ముందుగా పాతసామాన్లవాడి చేతికి వెళ్ళేది అటకమీది కావిడిపెట్టె. కాస్త ఆగండి! అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన హక్కు 1985 నుంచే. అంతకుముందు చాలామందికి సారెతో వచ్చిన ఈ పెట్టె, దాని తాళంచెవే 'నాది' అనుకోదగ్గవి. దాన్ని కర్ర ధరకిచ్చేస్తామా?

కొనేవారు పెట్టెను తిరగేసి అడుగుచెక్క చూడండి. పాత కన్నాలున్నంత మాత్రాన భయపడక్కర్లేదు. వాటిలోంచి తాజాగా పొడి రాలుతుంటే మాత్రం పురుగు బతికే ఉన్నట్టు.

గరుకు కాగితంతో రుద్దించి వార్నిష్ కొట్టించకండి. ఏళ్ళ తరబడి వచ్చిన ఆ నునుపు మళ్ళీ రాదు. ఎండలో పెడితే చెక్క బీటలిస్తుంది. గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి నీడన ఆరనివ్వాలి. ఇత్తడి పట్టీలకు చింతపండు రాస్తే చెక్కకు మరకలు పడతాయి, పొడిగుడ్డ చాలు. చెమ్మ ఎక్కకుండా నాలుగు మూలలా చెక్కముక్కలు పెట్టండి. పట్టుచీరల్ని పాత నూలు పంచెలో చుట్టి దాచండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి.

పెట్టె ఎవరిదో, ఏ ఊరి నుంచి వచ్చిందో ఓ చీటీ రాసి లోపల ఉంచండి. రేపు మీ అమ్మాయికి తెలియొద్దూ!