పాముకాటుకు కొత్త మందులొస్తున్నాయ్... అందాకా?

తొలకరి పడింది మొదలు పొలంలో మనకు తోడుండేవి రెండు. ఒకటి కలుపు, రెండోది పాము. కలుపు సంగతి ఈ పేజీలో తరచూ చదువుతూనే ఉన్నారు. ఈ వారం రెండోదాని సంగతి చూద్దాం.

నారు పీకేటప్పుడు, గట్టు చెక్కేటప్పుడు, రాత్రి కరెంటు వచ్చే వేళకు మోటారు వేయడానికి వెళ్ళేటప్పుడు, వాములో చెయ్యి పెట్టి గడ్డి లాగేటప్పుడు... కాటు పడేది ఇలాంటి చోటే. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. అందులో సగం వానాకాలంలోనే. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కేసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పోయినవాళ్ళలో దాదాపు సగం మంది 30 నుంచి 69 ఏళ్ళ లోపువాళ్ళు. ఇంటికి కాడి మోసేవాళ్ళన్నమాట. ఇంకో మాట మరీ బాధ కలిగిస్తుంది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఇంటి దగ్గరే చనిపోయారు, ఆసుపత్రిలో కాదు.

పేదవాళ్ళ జబ్బు కాబట్టి పాముకాటును చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చాక ప్రయోగశాలల్లో పని ఊపందుకుంది. ఇప్పుడు మాత్రలంటున్నారు, కృత్రిమ విరుగుడు అంటున్నారు. వాటిలో మనదాకా వచ్చేదేది, ఎప్పటికి? అది తెలియాలంటే ఇప్పుడున్న సూది మందు సంగతి ముందు తెలుసుకోవాలి.

గుర్రం ఇచ్చే విరుగుడు

ఆసుపత్రిలో వేసే పాము సూదిని యాంటీ వీనం అంటారు. దాన్ని గుర్రాల నుంచి తయారుచేస్తారు. పాము విషాన్ని చాలా కొద్ది మోతాదులో గుర్రానికి ఎక్కిస్తారు. మెల్లమెల్లగా మోతాదు పెంచుతారు. గుర్రం ఒంట్లో విషాన్ని పట్టి కట్టేసే యాంటీబాడీలు పుడతాయి. గుర్రం రక్తం కొంత తీసి, వాటిని శుద్ధి చేసి, సీసాల్లో నింపుతారు. 1890లలో ఫ్రాన్సుకు చెందిన ఆల్బర్ట్ కాల్మెట్ లాంటివాళ్ళు మొదలుపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. హైదరాబాదుకు చెందిన విన్స్ బయోప్రొడక్ట్స్ కూడా ఈ మందు తయారుచేసే కంపెనీల్లో ఒకటి.

మన దేశంలో దొరికే మందు నాలుగు పాములకు పనిచేస్తుంది. అవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఏ పాము కరిచిందో తెలియకపోయినా ఫరవాలేదు, సూది ఒకటే. కాబట్టి పామును చంపి సంచిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన పనిలేదు. దాన్ని వెతకబోయి రెండో మనిషి కాటు తిన్న సందర్భాలూ ఉన్నాయి.

ఒక లెక్క చూడండి. రక్తపింజరి ఒక కాటుకు సగటున 63 మిల్లీగ్రాముల విషం దింపుతుంది. 10 మిల్లీలీటర్ల సీసా ఒకటి 6 మిల్లీగ్రాముల విషాన్ని విరుస్తుంది. అందుకే డాక్టర్లు మొదటి దఫాలోనే పది సీసాల దాకా ఎక్కిస్తారు. ఒక్క సూదితో తేలిపోయే పని కాదిది. పసిపిల్లవాడైనా ఇన్నే సీసాలు పడతాయి. పాము పిల్లవాడని జాలిపడి విషం తగ్గించదు కదా. 'చిన్నపిల్లాడు, సగం మందు చాలు' అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈ మందుకు ఒక హద్దుంది. రక్తంలో తిరుగుతున్న విషాన్ని మాత్రమే అది పట్టుకోగలదు. విషం అప్పటికే నరాల కొసల్నో, కిడ్నీలనో దెబ్బతీసి ఉంటే ఆ దెబ్బను బాగుచేయలేదు. గంటలు గడిచేకొద్దీ మందు బలం తగ్గినట్టు కనిపించేది ఇందుకే.

మన పాము విషం వేరు

సూది సమయానికి వేసినా కొన్నిచోట్ల ఆశించినంతగా పనిచేయడం లేదేమిటని డాక్టర్లకు ఎప్పటినుంచో సందేహం. దాన్ని తేల్చే పనిలో ఉన్నారు బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన కార్తీక్ సునగర్ బృందం వారు. విరుగుడు తయారీకి కావలసిన విషంలో చాలా భాగం చెన్నై దగ్గర ఇరుల గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచే ఏళ్ళ తరబడి వస్తోంది. పాములను పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలే నైపుణ్యం వాళ్ళది. అంటే గుర్రానికి ఎక్కించేది చాలామటుకు తమిళనాడులో ఒక మూల ఉండే పాముల విషమే.

ఒకే జాతి వరి విత్తనం నల్లరేగడిలో ఒకలా, ఇసుక నేలలో ఒకలా వస్తుందని మీకు వేరే చెప్పాలా? పాము విషమూ అంతే. దేశంలో 34 చోట్ల నుంచి 115 రక్తపింజరుల విషం పరీక్షించి బెంగళూరు బృందం 2025లో ఫలితాలు వెల్లడించింది. పొడి వాతావరణం ఉన్న చోట పాముల విషంలో కండను, ప్రొటీన్లను కరిగించే గుణం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. జాతి ఒకటే అయినా ప్రాంతాన్ని బట్టి విషం మారిపోతోంది. ప్రాంతానికి తగ్గ విరుగుడు తయారు కావాలన్నది వారి వాదన. అది న్యాయమైన కోరికే. అయితే ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఇది చదివి 'ఆ సూది ఎలాగూ పనిచేయదట' అనుకుంటే కొంప మునుగుతుంది. ఇవాళ్టికి పాము విషానికి ఉన్న విరుగుడు అదొక్కటే.

గుండె కోసం చేసిన మందు

వారెస్‌ప్లాడిబ్ అనే మందును మొదట గుండె జబ్బుల కోసం తయారుచేశారు. పెద్ద పరీక్షలో అది నెగ్గలేదు, 2012లో ఆపేశారు. మాథ్యూ లెవిన్ అనే అమెరికా డాక్టరు దాన్ని పాము విషాల మీద ప్రయోగించి చూశారు. చాలా పాముల విషంలో ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైము ఉంటుంది. నరాలను, కండరాలను దెబ్బతీసేది ముఖ్యంగా అదే. ఈ మందు దాన్ని అడ్డుకుంటోందని 2016లో ప్రకటించారు. దీన్ని మాత్రగా నోటితో మింగొచ్చు. సూది అయితే ఆసుపత్రిలోనే వేయాలి. మాత్రయితే పొలం గట్టు మీదే వేసుకుని బయల్దేరవచ్చన్నది ఆశ.

మనుషుల మీద పరీక్ష మన దేశంలోనూ, అమెరికాలోనూ జరిగింది. 2021, 2022 సంవత్సరాల్లో పాముకాటుతో వచ్చిన 95 మందిని తీసుకున్నారు. మామూలు చికిత్స అందరికీ చేస్తూనే, కొందరికి ఈ మాత్ర, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఫలితం 2024లో బయటికొచ్చింది. మొత్తం మీద చూస్తే రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ కాటుపడిన అయిదు గంటల్లోపు మొదలుపెట్టినవారిలో మేలు కనిపించింది. ఇంకా పెద్ద పరీక్షలు జరిగితే తప్ప నిర్ధారణ కాదు. అందువల్ల ఇది మందుల షాపులో దొరికే వస్తువు కాదు. దొరుకుతుందని ఎవరైనా అంటే మోసమే.

ఇక కృత్రిమ యాంటీబాడీ సంగతి. గుర్రంతో పనిలేకుండా ప్రయోగశాలలోనే యాంటీబాడీని తయారుచేసినట్టు 2024 ఫిబ్రవరిలో బెంగళూరు, కాలిఫోర్నియా, లివర్‌పూల్ శాస్త్రవేత్తలు కలిసి ప్రకటించారు. నాగుపాము, కట్లపాము జాతుల్లో నరాలను పట్టేసే ఒక రకం విషం మీద ఎలుకల్లో అది బాగా పనిచేసింది. 2025 జనవరిలో డేవిడ్ బేకర్ బృందం కంప్యూటరు సాయంతో విరుగుడు ప్రొటీన్లకు రూపకల్పన చేసి ఎలుకలను బతికించింది. ఈయన 2024లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందినాయన. అదే ఏడాది మే నెలలో వచ్చిన వార్త మరీ వింతైంది. టిమ్ ఫ్రీడీ అనే అమెరికా ఆయన దాదాపు 18 ఏళ్ళపాటు పాము విషం ఎక్కించుకుంటూ, రెండొందల సార్లకు పైగా పాములతో కరిపించుకున్నాడు. ఆయన రక్తంలోంచి తీసిన రెండు యాంటీబాడీలకు వారెస్‌ప్లాడిబ్‌ను కలిపి ఇస్తే, 19 రకాల పాము విషాల్లో 13 రకాల నుంచి ఎలుకలు పూర్తిగా బయటపడ్డాయి. మిగతావాటి నుంచి కొంత రక్షణ దొరికింది. (మన ఊళ్ళో ఎవరూ ఈ ప్రయోగానికి దిగొద్దు. ఆయన కూడా ఒకసారి చావు అంచుదాకా వెళ్ళొచ్చినవాడే.)

ఇవన్నీ నాగుపాము, కట్లపాము కోవకు సంబంధించినవి. మన రక్తపింజరికి పనికొచ్చేవి కావు. పైగా ఎలుకల దగ్గరే ఉన్నాయి. ఎలుక నుంచి మనిషి దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది.

అందాకా మన చేతిలో ఉన్నది

ఈ పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. పాత సూది అయినా, కొత్త మాత్ర అయినా మొదటి గంటల్లో పడితేనే ఫలం. ఆ గంటలను మనం ఎక్కడ పోగొట్టుకుంటున్నాం? మంత్రం వేసే ఆయన ఇంటి ముందు, వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని చూడడంలో, 'గాటు లేదుగా, పొద్దున చూద్దాం' అనుకోవడంలో. మంత్రం పనిచేసినట్టు ఎందుకనిపిస్తుందంటే, కరిచే పాముల్లో చాలావాటికి విషముండదు. విషమున్నది కూడా ఒక్కోసారి విషం దింపకుండా వట్టి కాటు వేస్తుంది. అలాంటివాడు మంత్రం వేసినా బతుకుతాడు, వేయకపోయినా బతుకుతాడు.

కట్లపాము విషయంలో మరీ జాగ్రత్త. రాత్రిపూట తిరుగుతుంది. కింద పడుకున్నవాళ్ళను నిద్రలో కరుస్తుంది. కోరలు సన్నం కాబట్టి గాటు కనపడదు, నొప్పీ ఉండదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం కనిపిస్తాయి. అజీర్ణమని సోడా తాగించి పడుకోబెట్టారో, ఊపిరి ఆగిపోతుంది. అప్పుడు కావలసింది సూదితోపాటు కృత్రిమ శ్వాస యంత్రం. కొన్నాళ్ళు దాని మీద ఉంచితే లేచి నడిచి ఇంటికొచ్చే అవకాశం ఉంది. కాబట్టి దారిలో శ్వాస మందగించినా 'పోయాడు' అని వెనక్కి తిప్పకండి.

కాటు పడితే మనిషిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పండి, నడిపించకండి. ఉంగరాలు, మెట్టెలు, గాజులు, వాచీ వెంటనే తీసేయండి. వాపు వస్తే అవే కోసేస్తాయి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్ద ఆసరాగా పెట్టి, కాలో చెయ్యో కదలకుండా గుడ్డతో వదులుగా కట్టండి. తాడు బిగించొద్దు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ముందే ఎవరైనా బిగించి కట్టి ఉంటే దారిలో ఊడదీయకండి, డాక్టరు ఎదుటే విప్పాలి. ఒక్కసారిగా విప్పితే ఆగిన విషం ఒంట్లోకి పరుగెడుతుంది.

108 రావడం ఆలస్యమైతే? నేపాల్‌లో దమక్ ప్రాంతంలో ఒక పని చేశారు. అవీ మనలాగే వరి పండించే పల్లెలు. కాటు పడినవారిని మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి ఆసుపత్రికి చేర్చేలా పల్లెల్లో యువకులను సిద్ధం చేశారు, జనానికి నచ్చజెప్పారు. అంతకు ముందు కాటు పడినవారిలో నూటికి పదిన్నర మంది చొప్పున చనిపోయేవారు. అది అర శాతానికి పడిపోయిందని 2013లో వెలువడిన అధ్యయనం చెప్పింది. కొత్త మందేమీ లేదు, అదే పాత సూది. దోమతెరలో పడుకునేవాళ్ళకు పాముకాటు బాగా తక్కువని కూడా నేపాల్‌లోనే 2007లో తేల్చారు. తెర అంచులు పరుపు కిందికి దోపాలి. మంచం ఉంటే మరీ మంచిది.

ఆసుపత్రిలో ఒక చిన్న పరీక్ష చేస్తారు. రక్తం కొద్దిగా శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కినట్టే. అప్పుడు సూది తప్పదు. గడ్డకట్టి, మిగతా లక్షణాలేవీ లేకపోతే ఊరికే సూది వేయరు. ఆ మందు కొందరికి పడదు, దద్దుర్లు, ఆయాసం రావచ్చు. 'సూది వేయలేదు' అని డాక్టరుతో గొడవ పడకండి. అలాగని ఇంటికీ వచ్చేయకండి. 24 గంటలు అక్కడే ఉంచి మళ్ళీ మళ్ళీ చూడాలి.

2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అది ఊరిదాకా రావాలంటే అడిగేవాళ్ళుండాలి. ఈసారి మండలానికి వెళ్ళినప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి ఓ అడుగు వేయండి. పాము సూది సీసాలు ఎన్ని ఉన్నాయి, రాత్రిపూట వేసేవారుంటారా, శ్వాస యంత్రం దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఉంది, మూడూ అడగండి. ఆ ఆసుపత్రి పేరూ, ఊళ్ళో బండి ఉన్న ఇద్దరు కుర్రాళ్ళ ఫోను నంబర్లూ మోటారు షెడ్డు గోడ మీద బొగ్గుతోనైనా రాసిపెట్టుకోండి.